క్వాయ్ వంతెన కట్టిన మనవారు

మా మదర్సా పూర్వ విద్యార్థి ఒకరు ఇటీవల కుటుంబంతో థాయ్‌లాండ్ వెళ్ళి, కాంచనబురిలోని క్వాయ్ రైలు వంతెనను చూసి వచ్చారు. వారి కుమార్తె నన్ను ఒక ప్రశ్న అడిగింది: "హజ్రత్! అక్కడి సమాధుల మీద అన్నీ తెల్లవాళ్ళ పేర్లే ఉన్నాయి. వంతెన వాళ్ళొక్కరే కట్టారా?" ఈ నెల శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను.

1942 ఏప్రిల్ 6న మన విశాఖ రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన జపాను, ఆ ఏడే బర్మాను ఆక్రమించింది. అక్కడి సైన్యానికి ఓడల్లో సరుకు పంపుదామంటే జలాంతర్గాముల భయం. అందుకని థాయ్‌లాండ్‌లోని బాన్‌పాంగ్ నుంచి బర్మాలోని తాన్‌బ్యుజయాత్ వరకు కొండలను, అడవులను చీల్చుకుంటూ సుమారు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. ఏళ్ళు పట్టవలసిన పని 1943 అక్టోబరు నాటికే ముగిసింది. 1944లో ఇంఫాల్ మీదికి దండెత్తిన సేనల వెనుక ఉన్న సరఫరా దారుల్లో ఇదొకటి.

క్వాయ్ వంతెన ఆ మార్గంలోనిదే. దాని ఉక్కు కమానులను జావా నుంచి తెచ్చారు. 1945లో మిత్రరాజ్యాల విమానాలు కొంత భాగాన్ని కూల్చగా, యుద్ధానంతరం కొత్తవి అమర్చారు. వంపు తిరిగిన పాత కమానుల నడుమ కోణాకారంగా కనిపించేవి అవే. పక్కన ఉండిన చెక్క వంతెన ఇప్పుడు లేదు. బర్మా సరిహద్దు వైపు పట్టాలు కూడా తీసివేశారు. రైలు నామ్‌టోక్ వరకే వెళుతుంది. మరొక వింత ఏమంటే, వంతెన కింది నది అసలు పేరు మే క్లాంగ్. 1957 నాటి ఆంగ్ల చలనచిత్రం చూసి వచ్చిన యాత్రికులు క్వాయ్ నది ఎక్కడని అడుగుతూ ఉంటే, 1960 ప్రాంతంలో నది పేరునే మార్చివేశారు. సినిమా కోసం నదికి కొత్త పేరు పెట్టారు గాని, ఆ సినిమాకెక్కని కూలీలను ఎవరూ తలచుకోలేదు.

యుద్ధఖైదీలు సుమారు 60 వేలమంది ఈ మార్గంలో పనిచేయగా, 12 వేలకు పైగా మరణించారు. ఇది లోకానికి తెలిసిన లెక్క. ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు: మలయా తోటల నుంచి తమిళులు, తెలుగువారు, మలయులు, ఇంకా జావావారు, బర్మావారు. వీరిలో మరణించినవారు 90 వేల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. అంచనా అనక తప్పదు. వారి పేర్లు రాసిపెట్టినవారు లేరు.

తెలుగువారు మలయా ఎందుకు వెళ్ళారు? బ్రిటిషు కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల పనికి కంగాణీల వెంట వెళ్ళారు. వారిలో విశాఖ, గోదావరి, చిత్తూరు ప్రాంతాల పల్లెలవారు ఎందరో. పేరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతో కొబ్బరితోటలు తెలుగు కుటుంబాలకు పేరుపొందినవి. యుద్ధంతో రబ్బరు ఎగుమతి ఆగి, తోటల్లో పనీ బియ్యమూ కరువయ్యాయి. మంచి కూలి, తిండి, కొన్ని నెలల్లో తిరుగు ప్రయాణం అని ఆశచూపి కొందరిని తీసుకుపోయారు. లొంగనివారిని బలవంతంగా ఎక్కించారు. ఆలుబిడ్డలతో బయలుదేరినవారూ ఉన్నారు.

1943 వర్షాకాలంలో కలరా వ్యాపించింది. ఖైదీల శిబిరాల్లో వారి సైనిక వైద్యులుండేవారు. నీళ్ళు కాచి తాగాలని కట్టడి చేసే అధికారులుండేవారు. రహస్యంగా దినచర్య రాసుకున్నవారూ ఉండేవారు. కూలీల పాకల్లో ఈ ముగ్గురిలో ఒక్కరైనా ఉండడం అరుదు. 1944లో జపాను సైన్యం మృతుల కోసం వంతెన దగ్గర ఒక స్మారకం నిలిపింది. బ్రతికి ఉన్నప్పుడు మందు ఇవ్వనివారు చచ్చిన తరువాత నిలిపిన రాయిని నేను గౌరవమని అనలేను.

కాంచనబురి శ్మశానవాటికలో దాదాపు 7 వేల సమాధులున్నాయి. అవి బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి సైనికులవి. ఆ మర్యాద వారికి న్యాయమే. వారూ నరకం చూసినవారే. కూలీలను మాత్రం దారిపొడుగునా గుంటల్లో పూడ్చారు. వారిలో జావా, మలయా ముస్లింలు ఎందరో. ఎందరికి గుస్ల్ జరిగిందో, ఎందరికి కఫన్ దొరికిందో, ఎందరిపై జనాజా నమాజు చదివారో అల్లాహ్‌కే తెలుసు. హిందూ సోదరుల అంత్యసంస్కారాలదీ అదే గతి. మృతదేహానికి హక్కులుంటాయనీ, శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలనీ మనం పిల్లలకు బోధిస్తాం. ఆ రెండు బాకీలూ అక్కడ అలాగే ఉన్నాయి.

అటు వెళ్ళే కుటుంబాలు వంతెన మీద ఫొటోలు తీసుకున్న తరువాత, శ్మశానవాటిక పక్కనే ఉన్న థాయ్‌లాండ్-బర్మా రైల్వే కేంద్రాన్ని కూడా చూడాలని నా మనవి. వెళ్ళలేనివారికి విశాఖలోనే ఒక పని ఉంది. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయ స్మారకాన్ని పిల్లలకు చూపిస్తున్నాం గదా; ఇంటికి వచ్చాక దాదీనో, నానీనో, పొరుగింటి పెద్దలనో అడగనివ్వండి: మలయా వెళ్ళి, 1942 తరువాత ఉత్తరం ముక్క రానివారు ఎవరైనా మన ఎరుకలో ఉన్నారా? ఉంటే వారి పేరు, ఊరు, పనిచేసిన తోట పేరు ఒక కాగితం మీద రాయించండి.