మాట కోసం ఒక పద్దు

వసంత పంచమి నాడు బాసర వెళ్లినవారికి ఆ వరుసలు గుర్తుండే ఉంటాయి. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, అటు నాందేడ్ నుంచి పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, సరస్వతమ్మ ముందు కూర్చోబెట్టి, బియ్యంలోనో పలక మీదో మొదటి అక్షరం దిద్దిస్తారు. ఆ వరుసలో అక్షరం కోసం కాక మాట కోసం వచ్చేవాళ్లు కూడా ఉంటారు. పిల్లాడికి నాలుగేళ్లు నిండుతుంటాయి, నోట ఒక్క పలుకు ఉండదు. 'అమ్మా అని ఒక్కసారి పిలిస్తె చాలు తల్లీ' అన్నదే ఆ తల్లి మొక్కు.

మాటల విషయంలో మన ఇళ్లలో వైద్యానికి కొదవ లేదు. బొడ్డూడకముందే వసకొమ్మ అరగదీసి నాలుకకు రాసే నానమ్మలు ఉన్నారు. వాగుడుకాయను 'వసపిట్ట' అనడం అక్కణ్నుంచే వచ్చింది. రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే 'మొగపిలగాండ్లకు జర లేటుగనె వస్తయి తియ్యి' అంటుంది పక్కింటి పెద్దమ్మ. 'వాళ్ల బాపుకు గూడ అయిదేండ్లకు వచ్చినయి' అని తాత సాక్ష్యం చెబుతాడు. మూడేళ్లు దాటితే వేములవాడ రాజన్నకు కోడె కడతామని మొక్కు. మొక్కుల మీద నాకేమీ ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా, మొక్కు తీరేదాకా చెవి పరీక్ష చేయించకుండా ఆగడం మీదే.

ఎందుకంటే చెవుడు కంటికి కనిపించే జబ్బు కాదు. వినపడని పసిబిడ్డ కూడా తొలి నెలల్లో ఊ కొడుతుంది, నవ్వుతుంది, తల్లి ముఖం చూసి కేరింతలు కొడుతుంది. తలుపు ధడాలున పడితే ఆ అదురుకే ఉలిక్కిపడుతుంది. ఇంట్లోవాళ్లు 'మంచిగనె ఇంటున్నడు' అనుకుంటారు. ఏడాది దాటేసరికి తోటి పిల్లలు 'అత్త, తాత' అంటుంటే ఈ బిడ్డ చెయ్యి పట్టుకుని లాగి చూపించడంతోనే సరిపెడుతుంది. ఇంట్లోవాళ్లకు తెల్లారేసరికి మూడో ఏడు వచ్చేస్తుంది.

ఆ మూడేళ్లే అసలైనవి. అమెరికాలోని కొలరాడోలో యోషినాగా ఇటానో అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు వినికిడి లోపమున్న పిల్లల్ని పరిశీలించి 1998లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆరు నెలల లోపే లోపం కనిపెట్టి శిక్షణ మొదలుపెట్టిన పిల్లల భాష, ఆ తర్వాత కనిపెట్టిన పిల్లల భాషకన్నా ఎంతో మెరుగ్గా ఉందని అందులో తేల్చారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు శిక్షణ అనే లెక్క ఇప్పుడు ప్రపంచమంతా చెల్లుతోంది. పరీక్ష పెద్ద కష్టమైనదేమీ కాదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం లాంటిది పెడతారు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఓఏఈ అంటారు. అందులో అనుమానం తేలితే బెరా అనే మరో పరీక్ష. సూది లేదు, కోత లేదు.

మన రాష్ట్రంలో ఈ విషయం సామాన్యుడి నోట నానింది ఆరోగ్యశ్రీ వచ్చాకే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకంలో కాక్లియర్ ఇంప్లాంట్‌కు ప్రత్యేక స్థానం ఇచ్చారు. కుటుంబానికి మామూలు పరిమితి ఏడాదికి లక్షన్నర అయితే, ఈ ఆపరేషన్‌కూ, తర్వాతి శిక్షణకూ కలిపి ఒక్కో బిడ్డకు 6.50 లక్షల దాకా ట్రస్టు భరించేది. చెవిలో యంత్రం అమర్చడంతో పాటు వినడం, మాట్లాడడం నేర్పే ఆడిటరీ వెర్బల్ థెరపీని కూడా ప్యాకేజీలో చేర్చడం మంచి ఆలోచన. యంత్రం పెట్టగానే బిడ్డకు మాటలు వచ్చేయవు మరి. అప్పటిదాకా నిశ్శబ్దంలో పెరిగిన బిడ్డకు ముందు వినిపించేది రొద. ఆ రొదలో కుక్కర్ కూత ఏదో, అమ్మ గొంతు ఏదో విడదీసుకోవడం నేర్పాలి. ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్లు పట్టే పని అది. ఆ పని చేసేవారే స్పీచ్ థెరపిస్టులు. మన వార్తాపత్రికల్లో ఆపరేషన్ చేసిన డాక్టరు ఫొటో వస్తుంది, థెరపిస్టు ఫొటో రాదు. మా వృత్తి తప్పు కూడా కొంత ఉందని ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు పటం మీద చూద్దాం. వినికిడి, మాట లోపాల కోసం జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబయిలో ఏర్పడింది. ఆ పేరు మన హైదరాబాదీదే, ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్‌గా, తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేశారు. ఆ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతీయ సంస్థ కూడా అక్కడే 1984లో వెలిసింది. రెండూ మంచి సంస్థలే. కానీ ఆదిలాబాద్ నుంచి సికింద్రాబాద్ మూడొందల కిలోమీటర్లు. ఉట్నూరు, జైనూరు అవతలి గూడేల నుంచైతే ముందు బస్సు దొరికే చోటికి రావాలి. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు, జగిత్యాలలో బీడీలు చుట్టే తల్లి వారానికొకసారి థెరపీ కోసం నగరానికి వచ్చిపోవడం అంటే రెండు రోజుల కూలి, చార్జీలు, ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని చూసేవాళ్ల బతిమాలు. మూడు వారాలు వస్తారు, నాలుగో వారం రారు. చెవి వెనక లక్షల యంత్రం ఉంటుంది, నోట మాట ఉండదు. దుబాయిలో ఉన్న తండ్రి ఫోన్ చేసి 'బాపూ అనుమను' అంటాడు. ఫోన్ పిల్లాడి నోటికాడ పెడతారు. అవతల వినపడేది ఊపిరే.

థెరపిస్టులు కోరేది ఈ దూరం తగ్గించమనే. కొత్తగా ఏదో సృష్టించమని కాదు. కాగితం మీద చాలా ఉన్నాయి. 1995 వికలాంగుల చట్టంలోనే పిల్లలందరినీ ఏడాదికొకసారి పరీక్షించి ప్రమాదంలో ఉన్నవారిని గుర్తించాలని రాశారు. 2016లో వచ్చిన కొత్త చట్టం ఆ మాట మళ్లీ చెప్పింది, మాట-భాషా వైకల్యాన్ని విడిగా గుర్తించింది. 2013 ఫిబ్రవరి 6న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని ప్రకారం సంచార వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం ఉండాలి. అందులో పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టుతో పాటు ఆడియాలజిస్టు-స్పీచ్ థెరపిస్టు కూడా ఉండాలి. మార్గదర్శకాలు చదువుతుంటే కడుపు నిండిపోతుంది!

చిక్కు ఎక్కడంటే, 'ఉండాలి'కి 'ఉంది'కి నడుమ బడ్జెట్ ఉంటుంది. ఈ పోస్టులు జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు పద్ధతిలో నింపేవి. ఎమ్మెల్యే దగ్గరకు వెళ్తే 'అది సెంటర్ పైసలు' అంటారు. అసలు సంగతి వేరు. ప్రతి ఏడాదీ రాష్ట్రం తనకేం కావాలో ప్రణాళిక రాసి పంపితే కేంద్రం ఆమోదిస్తుంది, ఖర్చులో రాష్ట్రానికీ 40 శాతం వాటా ఉంది. రాష్ట్రం అడగనిదాన్ని ఢిల్లీ పిలిచి ఇవ్వదు. కాబట్టి ఎమ్మెల్యే గడప తొక్కడం దండగ కాదు.

ఇంకో చిక్కు బిడ్డను ముక్కలు చేయడం. పుట్టినప్పుడు వైద్య ఆరోగ్య శాఖ బిడ్డ. మూడేళ్లకు అంగన్‌వాడీకి వెళ్తే మహిళా శిశు సంక్షేమ శాఖ బిడ్డ. ఆరేళ్లకు బడిలో చేరితే విద్యాశాఖ బిడ్డ. ఆ శాఖకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ టీచర్లు అక్కడ ఉంటారు. చాలామంది చాలీచాలని జీతానికి ఓపికగా పనిచేస్తున్నారు. కానీ విద్యాహక్కు చట్టం లెక్క ఆరేళ్లతో మొదలవుతుంది. వైకల్యమున్న పిల్లల ఉచిత చదువు హక్కూ ఆరేళ్ల నుంచే. మాట నేర్చే వయసేమో ఆరేళ్లకు చాలావరకు దాటిపోతుంది. అత్యవసరమైన ఆ తొలి ఏళ్లకు ఏ శాఖా 'ఈ బిడ్డ నాది' అనదు. మూడు పద్దుల్లో ఎక్కడ వెతికినా ఆ బిడ్డ పేరున విడిగా ఒక గీత కనపడదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లను అడగండి. పిల్లాడికి రెండేళ్లు వచ్చినా మాటలు రాకపోతే 'ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి ఫోన్ చేశాం, థెరపిస్టు ఇంటికే వస్తోంది' అని చెబుతారు. అది ఎవరి దయా కాదు. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టంతో వచ్చిన ఏర్పాటు. ఫోన్ వచ్చిన 45 రోజుల్లో పరీక్షలు చేసి, ఆ కుటుంబానికి ఒక ప్రణాళిక రాసివ్వాలి. ఏ శాఖ డబ్బయినా సరే, బాధ్యత వహించే సంస్థ రాష్ట్రానికి ఒక్కటే. సలహా మండలిలో తల్లిదండ్రులు కనీసం ఐదో వంతు ఉండాలి. థెరపిస్టుల వంటి సేవలందించేవారు మరో ఐదో వంతు. నాకు నచ్చిన సంగతి ఏంటంటే, ఆ మండలిలో రాష్ట్ర చట్టసభ సభ్యుడు ఒకరైనా ఉండి తీరాలి. అయినా డబ్బు దానంతట అది రాదు. కేంద్ర నిధులు ఏటేటా కాంగ్రెస్ మంజూరు చేయాలి కనుక స్పీచ్ థెరపిస్టుల సంఘాలు, తల్లిదండ్రులు చట్టసభ సభ్యుల్ని కలిసి అడుగుతూనే ఉంటారు. అంత ధనిక దేశంలోనే అడగక తప్పడం లేదు.

మన దగ్గర థెరపిస్టులు వినతిపత్రం ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 'జీతాల గురించా?' అన్నదే మొదటి ప్రశ్న. కాంట్రాక్టు ఉద్యోగి నోరు విప్పితే అలాగే వినపడుతుంది. వాళ్ల సంఖ్య కూడా తక్కువే, ఓట్ల లెక్కలో ఎవరికీ ఆనరు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వినికిడి లోపమున్నవారు 50 లక్షల పైచిలుకు, మాట లోపమున్నవారు దాదాపు 20 లక్షలు. ఇంతమంది ఉండి కూడా ధర్నా చౌక్‌లో వీళ్ల నినాదం వినపడదు. ఎందుకో చెప్పాలా?

అయితే ఉత్తర తెలంగాణకు ఒక వెసులుబాటు ఉంది. మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ ఉమ్మడి జిల్లాలకు కలిపి శాసన మండలిలో ఒక పట్టభద్రుల స్థానం, ఒక ఉపాధ్యాయుల స్థానం ఉన్నాయి. స్పీచ్ థెరపిస్టులు పట్టభద్రులే. వాళ్లు పనిచేసే జిల్లాలన్నిటికీ ఒకే ఎమ్మెల్సీ. శాసనసభలో పాత కరీంనగర్‌వి 13, ఆదిలాబాద్‌వి 10 స్థానాలు. ఈ పాతిక మందిలో ఒక్కరు ప్రశ్నోత్తరాల సమయంలో అడిగితే శాఖ జవాబు రాసివ్వక తప్పదు. జిల్లా కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టు పోస్టులెన్ని, ఎన్ని ఖాళీ, నిరుడు ఎంతమంది పసిపిల్లలకు చెవి పరీక్ష చేశారు... ఈ మూడు ముక్కలు చాలు. పద్దులపై చర్చప్పుడు వంద రూపాయల కోత తీర్మానం పెట్టే సంప్రదాయం ఒకటుంది. వంద రూపాయలు మిగిల్చేందుకు కాదది, ఒక బాధను సభ దృష్టికి తెచ్చేందుకు. మాటలు రాని పిల్లల పేరున ఆ వంద రూపాయల కోత ఎవరైనా పెడితే చూడాలని ఉంది.

ఆదిలాబాద్‌కు వచ్చేసరికి సమస్యకు ఇంకో మడత ఉంది. అంగన్‌వాడీలో టీచరు తెలుగులో పిలిస్తే పలకని గోండు పిల్ల చెవిటిదా, లేక తెలుగు రానిదా? ఇంట్లో గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ వినే పిల్లలున్న జిల్లా ఇది. తెలుగు బొమ్మల కార్డులు పెట్టి పరీక్షిస్తే చక్కగా మాట్లాడే పిల్ల కూడా వెనకబడినట్టు తేలుతుంది. నిజంగా లోపమున్న పిల్లేమో 'భాష రాదు పాపం' అన్న లెక్కలో తప్పిపోతుంది. హైమెండార్ఫ్ 1940ల్లోనే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించి, గోండిలో వాచకాలు తెచ్చారు. ఎనభై ఏళ్ల కిందట బడికి తోచిన ఆలోచన ఇప్పుడు చెవి పరీక్షకు తోచకపోతే ఎట్లా? గోండి తెలిసిన ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకుని పనిచేయడానికి థెరపిస్టుకు రాకపోకల ఖర్చు, ఒక వాహనం కావాలి. అదీ వినతిపత్రంలో చేరాల్సిన లెక్కే.

ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఆపరేషన్‌కు వయసు పరిమితి ఎంత ఉండాలన్నది రాజకీయ సభల్లో కూడా వినపడిన మాట. పరిమితి పెంచమనడంలో న్యాయముంది, ఆలస్యంగా తెలియడం బిడ్డ తప్పు కాదు కదా. కానీ థెరపిస్టులు అడగాల్సింది అంతకు ముందరి మెట్టు. కాన్పు అయిన ఆసుపత్రిలోనే, తల్లీబిడ్డ ఇంటికి వెళ్లకముందే చెవి పరీక్ష జరిగితే పరిమితి మీద ఇంత తగాదా మిగలదు.

అందాకా ఇంట్లో మీరు చేయగలిగింది కొంత ఉంది. బిడ్డకు కనపడకుండా వెనక నుంచి గంటో గిన్నో మోగించి చూడండి. ఆరు నెలలు దాటినా తల తిప్పకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటయినా అనకపోతే, రెండేళ్లకు 'అమ్మ దా' లాంటి రెండు మాటలు కలపకపోతే ఆగకండి. మేనరికం పెళ్లిళ్లున్న ఇంట్లో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో, పుట్టగానే ఏడవని బిడ్డ విషయంలో ఇంకా తొందరపడాలి. జిల్లా ఆసుపత్రికి వెళ్లి చెవి పరీక్ష అడగండి. అక్కడ చేసేవారు లేరంటే ఆ మాటనే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి మీ ఎమ్మెల్యేకు ఒక ప్రతి, ఎమ్మెల్సీకి ఒక ప్రతి ఇవ్వండి. జీతం కోసం రాసింది కాదని అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బిడ్డను కూడా వెంట తీసుకెళ్లండి.