మన డేటాసెట్‌లో ఉద్దానం లేదు

వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అదే నది నీళ్లు ఇప్పుడు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో ఉత్తరానికి, ఉద్దానానికి వెళ్తున్నాయి. సుమారు రూ.700 కోట్ల ఆ మంచినీటి పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి కూడా అదే రోజు మొదలయ్యాయి. నీళ్లు వచ్చాయి, ఆసుపత్రి వచ్చింది. జవాబు మాత్రం ఇంకా రాలేదు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి?

మామూలుగా కిడ్నీ జబ్బుకి షుగరో బీపీనో కారణం అవుతుంది. ఉద్దానంలో చాలామందికి ఆ రెండూ లేకుండానే వస్తోంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతోంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 67 గ్రామాల్లో 2,400 మందికి పైగా పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉందని తేలింది. తాగునీటిలో సిలికా, పురుగుమందులు, భారలోహాలు, ఎండలో పని, నొప్పి మాత్రలు... ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. రుజువైన కారణం ఒక్కటీ లేదు.

దీనికీ క్యాంపస్ ప్లేస్‌మెంట్లకీ సంబంధం ఏంటి అంటారా? ఉంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల జాబితా ఒకసారి చూడండి. ‘మెషీన్ లెర్నింగ్‌తో కిడ్నీ వ్యాధి అంచనా’ అనే టైటిల్ ఏటా కనిపిస్తుంది. అందులో చాలావాటికి ఆధారం ఒకే డేటాసెట్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల యూసీఐ రిపోజిటరీలో 2015 నుంచి ఉన్న ఫైలు అది. తమిళనాడులోని కారైక్కుడిలో ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన 400 మంది వివరాలు, ఒక్కొక్కరికి 24 కాలమ్‌లు. 250 మందికి జబ్బు ఉంది, 150 మందికి లేదు. మోడల్ రన్ చేస్తే 98, 99 శాతం ఆక్యురసీ వచ్చేస్తుంది. వైవా అయిపోతుంది, రెజ్యూమేలో ఒక లైను చేరుతుంది.

ఆ 99 ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. ఆ కాలమ్‌లలో క్రియాటినిన్, యూరియా, హీమోగ్లోబిన్ ఉన్నాయి. డాక్టరు జబ్బు నిర్ధారణకి చూసేవి ముఖ్యంగా ఇలాంటివే. జవాబు చేతికిచ్చి ప్రశ్న అడిగినట్టే కదా! అదే ఫైలులో ఆ మనిషి ఏ పని చేస్తాడు, ఏ ఊరు, ఏ నీళ్లు తాగుతాడు అన్న కాలమ్‌లు లేవు. ఆడో మగో కూడా లేదు. ఉద్దానానికి కావలసింది సరిగ్గా ఆ లేని కాలమ్‌లే.

వాటిని నింపడం కోడింగ్ కన్నా కష్టం. మొదటి సంగతి, ఒక్క రక్తపరీక్షతో దీర్ఘకాలిక వ్యాధి అని తేల్చలేం. కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు కనీసం మూడు నెలలు ఉంటేనే ఆ పేరు పెడతారు. అంటే అదే మనిషిని మూడు నెలల తర్వాత మళ్లీ పట్టుకోవాలి. ఈలోగా ఆయన పనికోసం హైదరాబాదో చెన్నయ్యో వెళ్లిపోవచ్చు. చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయే జిల్లా మనది.

రెండోది, క్రియాటినిన్ కండని బట్టి కూడా మారుతుంది. దాని నుంచి కిడ్నీ పనితీరు లెక్కగట్టే ప్రసిద్ధ సూత్రాలు ఎక్కువగా అమెరికా, యూరప్ మనుషుల వివరాలతో తయారయ్యాయి. బక్కపలచని జీడితోట కూలీకి అదే సూత్రం ఎంతవరకు సరిపోతుందన్నది ఇక్కడి మనుషుల్ని కొలిస్తేనే తెలుస్తుంది.

మూడోది, ప్రశ్న అడిగే తీరు. ‘రోజుకి ఎన్ని లీటర్ల నీరు సేవిస్తారు?’ అని ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివితే నోటికొచ్చిన అంకె చెప్తారు. ‘తోటకి వెళ్లేటప్పుడు ఎన్ని సీసాల నీళ్లు పట్టికెళ్తావు మావయ్యా?’ అంటే నిజం చెప్తారు. ఆ రెండో ప్రశ్న అడగగలిగేది శ్రీకాకుళం కుర్రాళ్లు, అమ్మాయిలే. బయట నుంచి ఎంత పెద్ద ప్రొఫెసరు వచ్చినా ఈ పని మీ అంత బాగా చేయలేరు.

ఇలా ఓపికగా చేస్తే ఏం దక్కుతుందో నికరాగ్వా చూపించింది. అక్కడ చెరకు కోసే కూలీలకి ఇలాంటి జబ్బే ఉంది. సీజనుకి ముందు ఒకసారి, చివర్లో ఒకసారి అదే మనుషులకి పరీక్షలు చేశారు. పని మధ్యలో విశ్రాంతి, నీడ, నీళ్లు పెంచాక కిడ్నీలు దెబ్బతినడం తగ్గినట్టు గమనించారు. మన పంటలు వేరు, వాళ్ల జవాబుని ఇక్కడ అతికించలేం. వాళ్ల పద్ధతిని తెచ్చుకోవచ్చు.

ఈ రంగంలో ఉద్యోగాలకి పేర్లున్నాయి: ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్, డేటా మేనేజర్, ల్యాబ్ టెక్నీషియన్, డయాలసిస్ టెక్నీషియన్. చివరి రెండింటికీ ఆ కోర్సు చదివి ఉండాలి. మిగతావాటికి నోటిఫికేషన్‌ని బట్టి లైఫ్ సైన్సెస్, నర్సింగ్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ వాళ్లకీ అవకాశం ఉంటుంది. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌పీటెల్‌లో ఆరోగ్య పరిశోధన ప్రాథమిక కోర్సులు ఇస్తోంది. పాఠాలు వినడం ఉచితం. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అని వేలకి వేలు అడిగే క్లినికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి డబ్బు కట్టే ముందు వీటిని చూడండి.

లోటుపాట్లు కూడా చెప్పుకోవాలి. ఈ ఉద్యోగాల్లో చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. నిధులు ఆగితే కాంట్రాక్టు ఆగుతుంది, ఊరూరా తిరిగి నేర్చుకున్న మనిషి ఇంకేదో పని వెతుక్కుంటాడు. తర్వాతి ప్రాజెక్టు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఊళ్లో వాళ్లు మళ్లీ చెయ్యి చాపి రక్తం ఇవ్వాలి. అందుకే ఇంటర్వ్యూలో కాంట్రాక్టు ఎన్నాళ్లు, ప్రయాణ ఖర్చులు ఎవరివి, శిక్షణకి సర్టిఫికెట్ ఇస్తారా అని మొహమాటం లేకుండా అడగండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇంకా పెద్దది. డయాలసిస్ రోగులకి నెలకు రూ.10,000 పింఛను ఇస్తున్నారు, మంచిదే. అది జబ్బు ముదిరాక అందే సాయం. పలాస కేంద్రంలో శాశ్వత పోస్టులతో ఒక ఫీల్డ్ బృందం ఉండాలి. ఎవరు ఎప్పుడు పరీక్ష చేసినా ఒకే రిజిస్టర్‌లో చేరాలి. పథకం నీళ్లు వచ్చాక కొత్త కేసులు తగ్గాయా లేదా అన్నది ఆ రిజిస్టర్ ఉంటేనే తెలుస్తుంది. లేకపోతే రూ.700 కోట్లు పెట్టి కూడా ఫలితాన్ని కొలవనివాళ్లం అవుతాం.

ఇందులో చేరబోయే మీకు ఒక్క మాట. రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ రిపోర్టు తెలుగులో, అర్థమయ్యేలా తిరిగి అందించండి. మొదటిసారి ఇచ్చిన రక్తం ఏమైందో తెలిస్తేనే, మూడు నెలల తర్వాత మీరు మళ్లీ వచ్చినప్పుడు ఆ తలుపు తెరుచుకుంటుంది.