సుగ్గికి ముందే అర్జీ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కూలీలు ఏటా సుగ్గికి పోతారు. ఊళ్లో పత్తి తీత ఉన్నన్నాళ్లు కూలి దొరుకుతుంది. అది అయిపోతే గుంటూరు మిరపచేలే దిక్కు. ఇంటికి తాళం పడితే బిడ్డలూ మూటలతో పాటే బండెక్కుతారు. వాళ్లను ఊళ్లోనే ఉంచి చదివించేందుకు సీజనల్ హాస్టళ్లున్నాయి. సమగ్ర శిక్ష పథకం కింద వాటికి నిధులిస్తారు. అయితే అడిగే తీరులో అడగాలి.

మేము మొదట రాసిన అర్జీ నాలుగు పేజీలు. కరువు, పేదరికం, పాలకుల నిర్లక్ష్యం అన్నీ రాశాం. ఆఫీసులో ఒకే మాట అడిగారు: "పిల్లలెంతమంది?" మా దగ్గర జవాబు లేదు. ఆ ఏడు బిడ్డలు చేలకే పోయారు. తప్పులో సగం మాది.

మరుసటేడు ఇల్లిల్లూ తిరిగాం. బిడ్డ వయసు, తరగతి, తల్లిదండ్రులు పోయే నెల, వచ్చే నెల, ఇంట్లో ముసలివాళ్లున్నదీ లేనిదీ రాసుకున్నాం. పడుకునేది ఏ గదిలో, వండేదెవరు, రాత్రి కాపలా ఎవరు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా? అన్నీ రెండు పేజీల్లోకి తెచ్చాం. తల్లిదండ్రుల కమిటీ తీర్మానం జతచేసి, దసరాకు ముందే ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకున్నాం. జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. 30 రోజుల్లో చెప్పితీరాలి.

"అర్జీలతో పోరాటమా?" అని కొందరు మిత్రులు ఎద్దేవా చేస్తారు. నిజమే, తుంగభద్ర దిగువ కాలువ చివరి చేలకు నీళ్లు, ఊళ్లో పని వస్తేనే సుగ్గి ఆగుతుంది. ఆ పోరు ఆగదు. కానీ అంతదాకా బిడ్డ వయసు ఆగుతుందా? 6 నుంచి 14 ఏళ్ల బిడ్డల చదువు 2009 చట్టం ఒప్పుకున్న హక్కు. హక్కును లెక్క చూపి అడగాలి. ఆ లెక్క చేతిలో ఉంటేనే రేపు ధర్నాలో మన గొంతు గట్టిగా లేస్తుంది.