రాయిని చదవని భౌతికవాదం

సాహిత్య విద్యార్థికి భూగర్భశాస్త్ర మెందుకని అడిగే అధ్యాపక మిత్రులు మనలోనే ఉన్నారు. అది ఇంజనీర్ల పని అని వారి అభిప్రాయం. నేను దీన్ని ఒప్పుకోను. కాలికింది రాయి ఎట్లా పుట్టిందో తెలియనివాని భౌతికవాదం వట్టి వల్లెవేత.

ఈ శాస్త్రానికి మొదటి మెట్లు మూడే. భూమి లోపల కరిగిన పదార్థం చల్లారి గట్టిపడితే హైదరాబాదు గ్రానైటు గుట్టలు. సముద్రం అడుగున సున్నపు బురద పొరలుగా పేరుకొని గట్టిపడితే కడప బండలు. ఉన్న రాయే వేడికీ ఒత్తిడికీ రూపు మారితే తూర్పు కనుమల ఖొండలైటు. పన్నెండేళ్ల పిల్లవాడు దీన్ని గ్రహించలేడా?

గ్రహించగలడు. అవసరం లేదనుకున్నది మన పెద్దలు. అవసరాన్ని గుర్తించింది ఈస్టిండియా కంపెనీ. దాని పాలనలో, ప్రధానంగా బొగ్గుకోసమే, 1851లో భారత భూగర్భ పరిశోధక సంస్థ వెలిసింది. 1871లో ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొన్నాడు. సింగరేణి గనులకు అదే నాంది.

ఆ బొగ్గు పొరలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, అంటే గోండుల దేశం. ఖొండలైటుకు ఖోందుల పేరు పెట్టారు. దేశదేశాల గ్రంథాలలో ఈ గిరిజనుల పేర్లున్నాయి. నేను చూసిన బడి వాచకాలలో మాత్రం ఈ సంగతి లేదు.

గుట్టలో ఏమున్నదో కంపెనీకి తెలిసి, గుట్టమీద బతికేవారికి తెలియకపోతే బేరం ఎవరి పక్షాన తెగుతుంది? గనికి భూమి పోగొట్టుకున్నవాడు, గనిలో దిగేవాడు, వారిమీద కథ రాసేవాడు ముగ్గురికీ ఈ విద్య కావాలి. అధ్యాపకులారా, విద్యార్థులను వెంటబెట్టుకొని ఊరి క్వారీకి నడవండి. ఒక రాయి చేతికిచ్చి, ఇదెట్లా పుట్టిందో చెప్పమనండి.