వణికే చేతికి షర్మ్ ఎందుకు?

మన ఇళ్లలో బుజుర్గుల చెయ్యి వణికితే ముందు వినిపించే మాట, "ఉమర్ అయిపోయింది కదా!" ఆ తర్వాత నజర్ తీయడం, తావీజు కట్టడం. దువా చేయొద్దని ఎవరంటారు? కానీ న్యూరాలజిస్ట్ గడప తొక్కడానికి ఏళ్లు పట్టడం మాత్రం ఆ పెద్దమనిషి మీద జుల్మే.

పార్కిన్సన్ వణుకుతోనే మొదలవ్వాలని లేదు. అత్తరు వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ చేతులు విసరడం ఏళ్ల ముందే కనిపించవచ్చు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చనిపోతూ ఉంటాయి. నడకలో ఒక చెయ్యి ఊగదు, రాత చిన్నదైపోతుంది. ముఖంలో కదలిక తగ్గుతుంది. "అబ్బా ఎప్పుడూ గుస్సాలోనే ఉంటారు" అని పిల్లలు దూరం జరుగుతారు. అది గుస్సా కాదు, బీమారీ.

జడ నుంచి తీసేసే ఇలాజ్ ఇంకా లేదు. అయితే లెవోడోపా మాత్ర మనిషిని ఏళ్ల తరబడి తన పనులు తాను చేసుకునేలా నిలబెడుతుంది. కాకపోతే దానికి వఖ్త్ ముఖ్యం. దాని అసర్ కొన్ని గంటలే. రంజాన్ రాగానే సహర్‌కి ఒకటి, ఇఫ్తార్‌కి ఒకటి అని ఇంట్లోవాళ్లే సర్దేస్తున్నారు. రోజుకు నాలుగైదుసార్లు వేసుకునే మనిషి జొహర్ వేళకే బిగుసుకుపోతాడు. మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే తీవ్రమైన జ్వరం వచ్చి జాన్ మీదికీ రావచ్చు. తొలిదశలో ఉన్న కొందరికి డాక్టర్ మోతాదు మార్చి వీలు కల్పించవచ్చు. మిగతావారికి సూరా బఖరాలో రుఖ్సత్ ఉంది, ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన ఆసానీని మొహల్లావాళ్లు ఏమనుకుంటారోనని కాదనడం నాకైతే తఖ్వాలా కనిపించదు.

హలీం సంగతి కూడా చెప్పాలి. మాంసం, పప్పుల్లోని ప్రొటీన్ లెవోడోపాను ఒంటికి పట్టనివ్వదు. హలీం మానక్కర్లేదు, మాత్ర అరగంట ముందు వేసుకుంటే చాలు.

సజ్దా నుంచి లేస్తే కొందరికి బీపీ పడిపోతుంది, తూలతారు. కుర్సీ మీద నమాజ్ చదివితే తక్కువతనం ఏమీ లేదు. వజూ చేసే చోట తడి లేకుండా చూడండి, పట్టుకోవడానికి కడ్డీ బిగించండి.

ముహమ్మద్ అలీకి 1984లో, 42 ఏళ్ల వయసులో ఈ బీమారీ బయటపడింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో వణుకుతున్న చేతులతోనే దునియా ముందు జ్యోతి వెలిగించాడు. 2016 వరకూ బతికాడు. మనమేమో షాదీకి వెళ్లిన అబ్బాను చెయ్యి జేబులో పెట్టుకోమంటాం, దావత్‌లో చెమ్చా జారుతుందని ఇంట్లోనే వదిలేస్తాం.

ఇంకొక్క మాట. ఖిద్మత్ అంతా కోడలి నెత్తిన వేసి, బేటా నెలకోసారి దవా కొని తెస్తే ఫర్జ్ తీరిపోయిందనుకుంటున్నాడు. మాత్రల టైం అలారం బేటా ఫోన్లో మోగాలి. రాత్రి పక్క మీద అబ్బాను ఇటునుంచి అటు తిప్పడానికి లేవాల్సింది కూడా అతనే.