బోర్డు పాతితే అడవి బతకదు: బయోస్ఫియర్‌కి చట్టం కావాలి, అది గ్రామసభ చేతిలో ఉండాలి



మా నూజివీడు మామిడి తోటల్లో ఒక సంగతి ఎప్పుడూ చూస్తుంటాం. తోట పాస్‌బుక్ ఒకరి పేరున ఉంటుంది. కాపు గుత్తకి తీసుకునేది ఇంకొకరు. పూత నుంచి కోత దాకా పాకలో పడుకుని రాత్రింబవళ్లు కాపలా కాసేది మాత్రం మనోళ్లు. నాలుగు రసాలు తగ్గితే ముందు నిలదీసేది ఆ పాకలో మనిషినే. బాధ్యత మనది, హక్కు కాగితం ఉన్నోడిది.

బయోస్ఫియర్ రిజర్వుల గురించి చదువుతుంటే నాకు ఆ పాకే గుర్తొచ్చింది. కాకపోతే తోటకి పాస్‌బుక్ అన్నా ఉంది, బయోస్ఫియర్‌కి అదీ లేదు.

దేశంలో 18 బయోస్ఫియర్ రిజర్వులున్నాయి. మొదటిది 1986లో నీలగిరి. మన ఆంధ్రలో ఉన్నది ఒక్కటే, 2010లో ప్రకటించిన శేషాచలం. పాత చిత్తూరు, కడప జిల్లాల్లో 4,756 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం పుట్టిల్లు అది. మన యానాదుల అడవి అది.

ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి చూడండి. రక్షిత ప్రాంతం అంటే ఏంటో అందులో రాశారు: నేషనల్ పార్క్, అభయారణ్యం, కన్జర్వేషన్ రిజర్వ్, కమ్యూనిటీ రిజర్వ్. 2006లో టైగర్ రిజర్వులకి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కలిపారు. బయోస్ఫియర్ రిజర్వ్‌కి ఆ జాబితాలో చోటు లేదు. 2002 జీవవైవిధ్య చట్టంలో వారసత్వ స్థలాల సెక్షన్ ఉంది కానీ బయోస్ఫియర్‌కి సెక్షన్ లేదు. మరి ఇవి దేని మీద నడుస్తున్నాయి? కేంద్ర మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల మీద, ఏటా వచ్చే పథకం డబ్బుల మీద. మార్గదర్శకాన్ని ఎవరైనా తొక్కేస్తే కోర్టులో చూపించడానికి మన చేతిలో సెక్షన్ నంబర్ ఉండదు.

శేషాచలంలో కోర్ జోన్ దాదాపు 750 చదరపు కిలోమీటర్లు. మొత్తంలో ఆరో వంతు కూడా కాదు. కోర్‌కి వన్యప్రాణి చట్టం కాపలా ఉంది. మిగిలిన బఫర్, ట్రాన్సిషన్ జోన్లు కలిపి 4,000 చదరపు కిలోమీటర్లు. అక్కడ రిజర్వ్ ఫారెస్ట్ ఉన్నచోట మామూలు అటవీ చట్టాలు వర్తిస్తాయి, అంతే. బయోస్ఫియర్ అన్న పేరు వల్ల అదనంగా వచ్చిన రక్షణ సున్నా. మనుషులు బతికేది ఎక్కువగా ఆ 4,000లోనే. మనిషీ అడవీ కలిసి బతకాలన్నదే బయోస్ఫియర్ అసలు ఆలోచన. ఆ ఆలోచన ఎక్కడ నిలబడాలో సరిగ్గా అక్కడే చట్టం మాయమైంది.

ఇక్కడ మనోళ్లలోనే కొందరు అంటున్నారు: "లేకపోవడమే నయం తమ్ముడూ, చట్టం వస్తే గార్డు లాఠీ వస్తుంది." ఆ భయం ఉత్తది కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం కొట్టడానికొచ్చిన తమిళనాడు కూలీలన్నారు. వాళ్లలో జవ్వాది కొండల మలయాళి తెగ ఆదివాసీలున్నారు. దుంగలు ఓడలెక్కించే పెద్దమనుషులు మాత్రం ఆ శవాల్లో లేరు.

మన పక్కనే ఉన్న కొల్లేరు చూడండి. 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ పేరూ వచ్చింది. పేరొచ్చినా చెరువులు ఆగలేదు. 2006లో చట్టం కదిలింది, గట్లు పేల్చారు. పెద్దోళ్ల చెరువులతో పాటు పేదల సొసైటీ చెరువులూ పోయాయి. తర్వాత చెరువులు మళ్లీ లేచాయి. పేరు ఒక్కటే ఉంటే సరస్సుకి రక్షణ లేదు. పేదోడిని అడగని చట్టం వస్తే పేదోడికి రక్షణ లేదు.

నల్లమల ఇంకో పాఠం. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కి గట్టి చట్టమే ఉంది. అయినా 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అక్కడ 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆపింది ఎవరు? చెంచులు, నల్లమల జనం, వాళ్లకి తోడు నిలబడ్డ వేల గొంతులు. ఆ పోరాటం వల్లే సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

అందుకే సూటిగా చెప్తున్నా. బయోస్ఫియర్‌కి చట్టం వద్దనడం తప్పు. వన్యప్రాణి చట్టంలో ఇంకో పేరు అతికించి తాళాలు అటవీ శాఖకి ఇస్తే సరిపోతుందనడం అంతకంటే పెద్ద తప్పు. చట్టం రాయకుండా వదిలేసినా బఫర్‌ని రేపు ఒక నోటిఫికేషన్‌తో అభయారణ్యం చేసేయొచ్చు. అప్పుడు వచ్చేది వాళ్లు రాసుకున్న చట్టమే. మనం ముందే మన మాట రాయించుకోవాలి.

మనకి కావాల్సినవి ఇవి:

1. బయోస్ఫియర్ రిజర్వులకి పార్లమెంటు చేసిన చట్టంలో స్థానం. బఫర్, ట్రాన్సిషన్ జోన్లలో గనులకి, భారీ ప్రాజెక్టులకి స్పష్టమైన నిషేధం.

2. కొత్తగా ప్రకటించాలన్నా హద్దులు మార్చాలన్నా ముందు గ్రామసభల రాతపూర్వక సమ్మతి. 2013లో నియమగిరి తీర్పు గ్రామసభ మాటకి ఎంత బరువుందో చూపించింది. 12 గ్రామసభలూ వద్దన్నాయి, బాక్సైట్ గని ఆగింది.

3. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కుల గుర్తింపు పూర్తయ్యాకే ఏ ఆంక్ష అయినా. గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని అందులో సెక్షన్ 4(5) ఇప్పటికే చెప్తోంది.

4. నిర్వహణ కమిటీలో సగానికి పైగా అడవిలో బతికేవాళ్లు, అందులో ఆడవాళ్లు. సంతకం పెట్టే అధికారం వాళ్లకే.

ఐదో మాట మన మైదాన ప్రాంతం వాళ్ల కోసం. శేషాచలం ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు, నూజివీడూ కాదు. పీసా లేదు, 1/70 లేదు. ఏజెన్సీ బయట ఉన్న ఆదివాసీని ఆదివాసీగానే లెక్కేయరు చాలామంది అధికారులు. కానీ అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. అడవి మీద బతికే షెడ్యూల్డ్ తెగ ఎక్కడున్నా అది వర్తిస్తుంది. అడవిని, వన్యప్రాణిని, నీటి వనరుల్ని కాపాడే అధికారం సెక్షన్ 5 గ్రామసభకే ఇచ్చింది. కొత్త బయోస్ఫియర్ చట్టం ఆ సెక్షన్ మీద లేవాలి, దాన్ని తొక్కి కాదు.

ఇది ఢిల్లీ పని అని కూర్చోవద్దు. అడవి అంచు గూడేల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సాముదాయక అటవీ వనరుల క్లెయిమ్‌కి ఫారం-సి ఉంటుంది. అది నింపించండి. పెద్దోళ్లని కూర్చోబెట్టి తేనె తీసే చోటు, దుంప తవ్వే చోటు, దేవత చెట్టు, వాగు హద్దు అన్నీ రాయించండి. గ్రామసభ తీర్మానం చేయించి, ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి. రేపు ఏ చట్టం వచ్చినా మన పేరు అందులో ముందే ఉండాలి.

తరతరాలుగా కాపలా కాసింది మనమే. ఇకనైనా పాకతో పాటు పాస్‌బుక్ కూడా మనదవ్వాలి.

జల్, జంగల్, జమీన్ మనదే. జై ఆదివాసీ!