పానకములోని ఘాటు

చైత్రశుద్ధ నవమినాడు, సూర్యుఁడు నడినెత్తికి వచ్చి, సీతారామకల్యాణము చూడవచ్చిన జనము చలువపందిరిక్రింద ఉక్కకు తాళలేక విసనకఱ్ఱలు వీచుకొనుచున్నవేళ, ఇత్తడి గంగాళమునుండి ముంచి పోయు బెల్లపు పానకమునకు సాటివచ్చు పానీయము వసంతకాలమున వేఱొకటి లేదని నా దృఢవిశ్వాసము. మంగళగిరి కొండపై నరసింహస్వామికి శంఖముతో నోటఁ బోయునదియు నిదియే కదా! అట్టిదానికి బదులు ఇటీవల కొన్ని పందిళ్లలో సీసాల గ్యాసుపానీయములు పంచుట చూచి నా మనస్సు నొచ్చినది. నాలుకను చుఱుక్కుమనిపించుటయే వాని ఆకర్షణమైనచో, నీటఁ గరఁగిన బొగ్గుపులుసు వాయువు అచ్చట చేయుపనిని ఇచ్చట మిరియములలోని పైపెరిన్ చేయుచునే యున్నది.

చేయుటయు సులభము. లీటరు నీటికి సుమారు 200 గ్రాముల బెల్లము కరఁగించి, అడుగున ఇసుకయు చెఱకుపీచును మిగులును గనుక పలుచని గుడ్డలో వడఁగట్టి, అప్పటికప్పుడు రోటిలో దంచిన మిరియములు, ఏలకులు, చిటికెడు శొంఠిపొడి కలుపవలెను. మిరియము మెత్తనిపొడి కారాదు. పలుకుపలుకుగా నుండి, గ్రుక్కగ్రుక్కకు ఒకటి పంటికిందఁ బడి చిట్లవలెను. మంచుగడ్డలు వేసినచో తీపి పలుచనగును. క్రొత్తకుండలో పోసి తడిగుడ్డ చుట్టి రెండుగంటలుంచిన చాలును.